హోమ్‌స్కూల్ పిల్లాడికి ట్రాన్‌స్క్రిప్ట్ ఎవరిస్తారంటే, మీరే

మీరు అడిగింది ఇదీ: బాబు తొమ్మిదో తరగతి, జనవరిలో పబ్లిక్ స్కూల్ మాన్పించి ఇంట్లో చదివిస్తున్నారు, ఉండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, ఇప్పటిదాకా ఒక్క కాగితం దాచలేదు, రేపు కాలేజీకి అప్లై చేసేటప్పుడు మార్కుల లిస్టు ఎవరిస్తారని అత్తగారు రోజూ అడుగుతున్నారు, పైగా ఇండియాలో మెడిసిన్ అనుకుంటే ఈ చదువు పనికొస్తుందా అని మీవారి అనుమానం. మా పిల్లలిద్దరూ హైస్కూల్ ఇంట్లోనే చదివారండి, అమ్మాయి కాలేజీలో ఉంది, అబ్బాయికి ఈమధ్యే అడ్మిషన్ వచ్చింది. చుట్టుపక్కల కొన్ని కుటుంబాలకి కూడా ఈ కాగితాల పనిలో సాయం చేస్తుంటాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అత్తగారి టెన్షన్ సంగతి. టెక్సాస్‌లో మీ ఇల్లు చట్టం దృష్టిలో ఒక ప్రైవేట్ స్కూల్. 1994లో లీపర్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం గురించిన పాఠాలు, ఇవి రాతలో ఉన్న సిలబస్‌తో నిజంగా చెప్తుంటే చాలు. ఎక్కడా రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలు హోమ్‌స్కూల్ పిల్లల్ని మిగతావాళ్లకి పెట్టిన ప్రమాణాలతోనే చూడాలని కూడా ఇక్కడ చట్టం ఉంది. స్కూల్ మీది కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్, అంటే హైస్కూల్ కోర్సుల, మార్కుల లిస్టు, మీరే తయారుచేస్తారు, మీరే సంతకం పెడతారు, డిప్లొమా కూడా మీరే ఇస్తారు. అది దొంగ సర్టిఫికెట్ ఏమీ కాదు, వేలమంది పిల్లలు అలాంటి కాగితంతోనే మంచి కాలేజీల్లో చేరుతున్నారు.

అయితే ఇంత సులువుగా ఉండటంలోనే చిక్కు ఉంది. మధ్యలో ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాసిపెట్టుకోరు. న్యూయార్క్‌లో అయితే ఏడాది మొదట్లో ప్లాన్ ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. పెన్సిల్వేనియాలో ప్రతి ఏడాదీ పోర్ట్‌ఫోలియో కట్టి ఎవాల్యుయేటర్‌కి చూపించాలి. కాలిఫోర్నియాలో అక్టోబర్ 1 నుంచి 15 లోపల ప్రైవేట్ స్కూల్ అఫిడవిట్ వేస్తారు. అక్కడివాళ్లు విసుక్కుంటారు గానీ, పన్నెండో తరగతికి వచ్చేసరికి వాళ్ల దగ్గర ఫైల్ సిద్ధంగా ఉంటుంది. మన టెక్సాస్, న్యూజెర్సీవాళ్లం మాత్రం సీనియర్ ఇయర్ ఆగస్టులో కూర్చుని తొమ్మిదో తరగతిలో బయాలజీ ఏ పుస్తకం చదివించామా అని గుర్తు తెచ్చుకుంటూ ఉంటాం. పైగా మనవాళ్లలో ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారడం మామూలే కదా. డాలస్ నుంచి ఫిలడెల్ఫియా వెళ్లారనుకోండి, అక్కడి రూల్స్ అప్పటికప్పుడు మీద పడతాయి. లేదూ బాబు పదకొండులో మళ్లీ పబ్లిక్ స్కూల్‌కి వెళ్తానన్నాడనుకోండి, మీరు ఇంట్లో ఇచ్చిన క్రెడిట్లని (పూర్తిచేసిన కోర్సుల లెక్కని) ఒప్పుకోవాలా, పరీక్ష పెట్టి చూడాలా అన్నది ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ చేతిలో ఉంటుంది. అప్పుడు మీ వైపు మాట్లాడేది మీ దగ్గరున్న ఫైల్ ఒక్కటే.

మీ కేసులో వెంటనే చెయ్యాల్సిన పని, మానేసిన పబ్లిక్ స్కూల్ నుంచి అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోవడం. ఆగస్టు నుంచి డిసెంబర్ వరకు ఒక సెమిస్టర్ పూర్తయింది, ఆ సగం క్రెడిట్లు వాడివే. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 చేసుంటే అది కూడా హైస్కూల్ క్రెడిట్‌గా అందులో కనిపించాలి, లేకపోతే అడగండి. స్కూల్ మాన్పిస్తున్నట్టు మీరు పంపిన ఈమెయిల్, వాళ్ల జవాబు కూడా ప్రింట్ తీసి పెట్టుకోండి. రేపు మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ సబ్జెక్టుల పక్కన ఒక గుర్తు పెట్టి, కింద ఫలానా హైస్కూల్‌లో చేసినవి అని రాస్తారు. కాలేజీలు ఆ స్కూల్ నుంచి నేరుగా కాపీ అడగడం మామూలే.

జనవరి నుంచి మే వరకు ఏమీ రాయలేదన్నారు. పోయిందేమీ లేదు, ఆ ఆధారాలన్నీ మీ ఫోన్‌లోనే ఉంటాయి. అమెజాన్ ఆర్డర్లలో ఏ పుస్తకాలు ఎప్పుడు కొన్నారో ఉంటుంది. ఖాన్ అకాడమీ అకౌంట్‌లో ఏ యూనిట్ ఎంతవరకు చేశాడో ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసుల రసీదులు, జూమ్ లింకుల ఈమెయిళ్లు, లైబ్రరీ అకౌంట్‌లో హిస్టరీ ఆన్ చేసి ఉంటే తెచ్చుకున్న పుస్తకాలు, మీ క్యాలెండర్, వాట్సాప్‌లో వాళ్ల నాన్నకి పంపిన ఫొటోలు. ఒక శనివారం మధ్యాహ్నం బాబుని పక్కన కూర్చోబెట్టుకుని నెలవారీగా రాయించండి. వాడిచేతే రాయించండి, వాడికి గుర్తున్నంత మనకి ఉండదు.

ఇకనుంచి ఎలా అంటారా. దీనికి డబ్బులిచ్చి సాఫ్ట్‌వేర్ కొనమని చాలామంది చెప్తారు, నాకైతే గూగుల్ షీట్ సరిపోయింది. ఒక షీట్‌లో ఏడాదికో ట్యాబ్, వరసకో సబ్జెక్టు. దాని పక్కన డ్రైవ్‌లో సబ్జెక్టుకో ఫోల్డర్. ఆ ఫోల్డర్‌లో పుస్తకం అట్ట, విషయసూచిక పేజీ ఫొటోలు, ఏడాది మొదట్లో రాసినది ఒకటి, మధ్యలోది ఒకటి, చివర్లోది ఒకటి, పెట్టిన టెస్టులు, ఇచ్చిన మార్కులు. అంతే. ప్రతి వర్క్‌షీటూ దాస్తే ఇల్లు గోడౌన్ అవుతుంది, ఎవరూ చూడరు. విషయసూచిక ఫొటో ఎందుకంటే, మూడేళ్ల తర్వాత కోర్సులో ఏం చెప్పారో రాయడానికి మీకు అదే ఆధారం, అప్పటికి పుస్తకం ఎవరికో ఇచ్చేసుంటారు. వారానికోసారి పది నిమిషాలు చాలు. ఆదివారం సాయంత్రం అని ఒక టైమ్ పెట్టుకుంటే జరుగుతుంది, తీరినప్పుడు చేద్దాం అంటే ఎప్పటికీ తీరదు.

చదివిన పుస్తకాల లిస్టు మాత్రం విడిగా పెట్టండి. సిలబస్‌లోవైనా, సరదాకి చదివినవైనా, పేరు, రచయిత, నెల. కొన్ని కాలేజీలు దీన్ని అడుగుతాయి, అడగనిచోట కూడా ఇంటర్వ్యూకి ముందు తిరగేసుకోవడానికి పనికొస్తుంది.

క్రెడిట్ అంటే ఏమిటని మీరు విడిగా అడిగారు. ఒక ఏడాది పాటు చేసిన సబ్జెక్టు 1 క్రెడిట్, సగం ఏడాదిది 0.5. గంటల్లో చూస్తే మామూలుగా 120 గంటలు ఒక క్రెడిట్ అంటారు. 36 వారాలు, వారానికి అయిదు రోజులు చదివితే రోజుకి 40 నిమిషాలు పడుతుందన్నమాట. లెక్కలు, సైన్స్ లాంటివాటికి గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు, హైస్కూల్ స్థాయి పాఠ్యపుస్తకం ముప్పాతిక పైగా పూర్తిచేస్తే ఆ కోర్సు అయినట్టే. గంటల లెక్క పుస్తకం లేనివాటికి కావాలి. రోబోటిక్స్, సంగీతం, డాన్స్, సొంతంగా చేసిన ప్రోగ్రామింగ్ ప్రాజెక్టు, వీటికి తేదీ, ఎంతసేపు, ఏం చేశాడు అని మూడు కాలమ్‌లు రాసుకోవాలి. ఒకే గంటని రెండుచోట్ల లెక్కెయ్యకండి. డాన్స్‌ని ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్‌గా చూపిస్తే అదే గంటలు మళ్లీ పీఈలో (వ్యాయామంలో) వెయ్యడం నాకు నచ్చదు, చదివేవాళ్లకి కూడా తెలిసిపోతుంది.

మన పిల్లల విషయంలో ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. కూచిపూడి, భరతనాట్యం, కర్ణాటక సంగీతం, మృదంగం, ఇవన్నీ ఏళ్ల తరబడి వారం వారం క్లాసుకి వెళ్లి నేర్చుకునేవే కాబట్టి ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్‌కి గంటలు సరిపోక ఇబ్బందిపడటం ఉండదు. ప్రోగ్రామ్ కార్డులు, అరంగేట్రం బ్రోచర్, గురువుగారి ఉత్తరం దాచండి. తెలుగు కూడా అంతే. మనబడికో, మీ ఊళ్లోని గుడి క్లాసులకో వెళ్తుంటే దాన్ని వరల్డ్ లాంగ్వేజ్‌గా చూపించవచ్చు. కాకపోతే ఇంట్లో మాట్లాడతాడు అన్నది క్రెడిట్‌కి చాలదు, చదవడం, రాయడం ఉండాలి. అవాంట్ అనే సంస్థ పెట్టే స్టాంప్ భాషా పరీక్షల్లో తెలుగు కూడా ఉంది, రాయడం, మాట్లాడటం రెండూ పరీక్షిస్తారు. ఆ స్కోరు పెడితే అమ్మ ఇచ్చిన 'ఏ' గ్రేడ్‌కి ఒక బయటి సాక్ష్యం ఉన్నట్టు. కొన్ని పెద్ద కాలేజీలు ఒకే భాష మూడు నాలుగేళ్లు చదివితే బాగుంటుందని చెప్తాయి, కాబట్టి తెలుగు ఒక ఏడాది, స్పానిష్ ఒక ఏడాది అని ముక్కలు చెయ్యకండి.

గ్రేడ్ల దగ్గర చాలామంది తల్లులు తడబడతారు. మనం ఇచ్చే 'ఏ' గ్రేడ్‌ని నమ్ముతారా అని భయం, బీ ఇద్దామంటే మనసొప్పదు. నేను చెప్పేది ఒకటే, కోర్సు మొదలయ్యే రోజే ఎలా మార్కులేస్తారో రాసి పెట్టండి. టెస్టులు సగం, రాతపని ముప్పై శాతం, ల్యాబ్ ఇరవై, ఇలా ఏదో ఒకటి. తర్వాత దానికి కట్టుబడండి. ఇంట్లో చదివే పిల్లలు పట్టు వచ్చేదాకా చేసి కానీ ముందుకు వెళ్లరు కాబట్టి ఏ లు ఎక్కువ రావడం సహజమే, అలాగని స్కోర్లు ఒకలా, గ్రేడ్లు ఇంకోలా ఉండకూడదు. కెమిస్ట్రీలో 'ఏ' వేసి, ఏపీ (హైస్కూల్‌లో రాసే కాలేజీ స్థాయి పరీక్ష) కెమిస్ట్రీలో అయిదుకి 2 వస్తే ఆ ఒక్క కోర్సే కాదు, మిగతా పేజీ అంతా అనుమానంగా చూస్తారు.

జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, లెక్క కష్టమేం కాదు. ఏ కి 4, బీ కి 3, సీ కి 2. ఉదాహరణకి ఇంగ్లీష్ ఏ, ఆల్జీబ్రా 2 బీ, బయాలజీ ఏ, తెలుగు ఏ, ఇవన్నీ ఒక్కో క్రెడిట్, సంగీతం ఏ సగం క్రెడిట్ అనుకోండి. 4, 3, 4, 4, ఇంకో 2 కలిపితే 17. క్రెడిట్లు 4.5. భాగిస్తే 3.78. వెయిటెడ్ కూడా ఇవ్వాలనుకుంటే ఏపీ, డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్‌లో ఉండగానే తీసుకునే కాలేజీ కోర్సులు) లాంటివాటికి ఒక పాయింట్ కలుపుతారు, కానీ వెయిట్ లేనిది తప్పకుండా చూపించండి, చాలా కాలేజీలు ఎలాగూ తమ పద్ధతిలో మళ్లీ లెక్క వేసుకుంటాయి. క్లాస్ ర్యాంక్ అడిగినచోట ర్యాంక్ ఇవ్వము అని పెట్టండి, ఒకే ఒక్క విద్యార్థి ఉన్న స్కూల్లో ఫస్ట్ ర్యాంక్ అని రాస్తే నవ్వుకుంటారు.

ట్రాన్‌స్క్రిప్ట్ ఒక్క పేజీ. పైన స్కూల్ పేరు, అడ్రసు, పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, గ్రాడ్యుయేషన్ తేదీ. సోషల్ సెక్యూరిటీ నంబర్ వెయ్యకండి. మధ్యలో కోర్సులు, క్రెడిట్లు, గ్రేడ్లు. కింద గ్రేడింగ్ స్కేల్, జీపీఏ, మీ సంతకం, తేదీ. కొన్ని కాలేజీలు నోటరీ అడుగుతాయి, బ్యాంకులో చేయించుకోవచ్చు. ఏడాదివారీగా వేస్తారా, సబ్జెక్టువారీగా వేస్తారా అన్నది మీ ఇష్టం. ఎనిమిదిలోనే ఆల్జీబ్రా చేసిన పిల్లలకి సబ్జెక్టువారీగా వేస్తే ఆ కోర్సు చక్కగా వరసలో కూర్చుంటుంది.

పేరు గురించి ఒక మాట, ఇది మనవాళ్లకే ప్రత్యేకం. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలుగా ఇంకోచోట ఉంటుంది, స్కూల్‌లో ఒక ముక్కతో పిలుస్తారు, శాట్‌కి (కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే పరీక్షకి) పిల్లాడు తనకి నచ్చినట్టు రిజిస్టర్ చేసుకుంటాడు, కమ్యూనిటీ కాలేజీలో ఇంకోలా పడుతుంది. చివరికి కాలేజీలో నాలుగు రికార్డులు నలుగురు పిల్లలవిగా పడి, ట్రాన్‌స్క్రిప్ట్ అందలేదని ఈమెయిళ్లు వస్తాయి. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు, స్పేస్‌తో సహా, అన్నిచోట్లా ఒకేలా వెయ్యండి. ఇప్పుడే ఒక ఈమెయిల్ ఐడీ పిల్లాడికి, ఇంకొకటి స్కూల్ పేరుతో మీకు తెరవండి. కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్‌లో, విద్యార్థికీ కౌన్సెలర్‌కీ ఒకే ఈమెయిల్ కుదరదు.

ఆ కౌన్సెలర్ ఎవరంటే, అది కూడా మీరే. కామన్ యాప్‌లో మీకు విడిగా అకౌంట్ వస్తుంది, అందులో స్కూల్ రిపోర్ట్, స్కూల్ ప్రొఫైల్, కౌన్సెలర్ ఉత్తరం, ట్రాన్‌స్క్రిప్ట్ మీరే ఎక్కిస్తారు. మొదటి సెమిస్టర్ అయ్యాక మిడ్ ఇయర్ రిపోర్ట్, గ్రాడ్యుయేట్ అయ్యాక ఫైనల్ రిపోర్ట్ కూడా మీ పనే, ఈ చివరి రెండూ చాలామంది మర్చిపోతారు. స్కూల్ ప్రొఫైల్ అంటే ఒకటి రెండు పేజీల్లో మీ ఇంటి స్కూల్ ఎలా నడుస్తుందో చెప్పడం: ఎందుకు మొదలుపెట్టారు, గ్రేడ్లు ఎలా వేస్తారు, క్రెడిట్ ఎలా లెక్కిస్తారు, బయట ఎక్కడెక్కడ చదివాడు. కౌన్సెలర్ ఉత్తరంలో మా బాబు బంగారం అని రాయకండి. వాడు ఏ సమస్య మీద ఎన్ని వారాలు పట్టుబట్టి కూర్చున్నాడు, ఏ కోర్సు మధ్యలో వదిలేశాడు, ఎందుకు వదిలేశాడు, ఇలాంటివి తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియవు, అవి రాయండి. అందుకే ఆ షీట్‌లో చివర ఒక కాలమ్ ఖాళీగా ఉంచి, అప్పుడప్పుడు ఇలాంటి సంగతి ఒక వాక్యం రాసి పెట్టుకోమంటాను. ఉత్తరం రాసే రోజున మీకు కావాల్సింది ఆ కాలమ్ ఒక్కటే.

కోర్సు వివరణలు అనేది ఇంకో కాగితం. ఒక్కో కోర్సుకి ఒక పేరా: ఏం నేర్చుకున్నాడు, ఏ పుస్తకం, ఎవరు చెప్పారు, మార్కులు ఎలా వేశారు. నాలుగేళ్లకి కలిపి పది పదిహేను పేజీలు అవుతుంది. ప్రతి కాలేజీ అడగదు, అయినా పోటీ ఎక్కువున్న కాలేజీలకి వెయ్యాలనుకుంటే తప్పకుండా పెట్టండి. దీన్ని కోర్సు అయిపోయిన వారమే రాసేస్తే అరగంట పని. నాలుగేళ్ల కోర్సులు ఒకేసారి రాయాలంటే, అదీ పిల్లాడు ఎస్సేలు రాస్తూ ఇంటిల్లిపాదీ విసుగ్గా ఉన్న అక్టోబర్‌లో, నరకమే. సైన్స్ కోర్సులకి ల్యాబ్ విషయం తప్పకుండా రాయండి, ల్యాబ్ నోట్‌బుక్ పారెయ్యకండి.

ఇప్పుడు అసలైన మాట. మీ ఫైల్ ఎంత చక్కగా ఉన్నా, అందులో ప్రతి కాగితం మీద మీ సంతకమే ఉంటే అది సగం ఫైలే. తల్లి కాని మనిషి వేసిన మార్కు, రాసిన మాట ప్రతి ముఖ్యమైన సబ్జెక్టులో ఏదో ఒక రూపంలో ఉండాలి. నన్ను సలహా అడిగినవాళ్లకి నేను మొదట చూసిపెట్టేది ఇదే.

అందులో మొదటిది డ్యూయల్ క్రెడిట్. మీకు దగ్గర్లోనే కాలిన్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీ ఉంది, హోమ్‌స్కూల్ పిల్లల్ని తీసుకుంటారు. టీఎస్ఐ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది, శాట్‌లో తగినన్ని మార్కులుంటే అది అక్కర్లేదు. ఒక సెమిస్టర్ కాలేజీ కోర్సుని చాలా హోమ్‌స్కూల్ కుటుంబాలు ఒక హైస్కూల్ క్రెడిట్‌గా వేస్తాయి, కొందరు సగమే వేస్తారు. మీరు ఏది పాటించినా ప్రొఫైల్‌లో రాయండి. అయితే మెడిసిన్ మాటన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను: ఆ గ్రేడ్లు జీవితాంతం ఉంటాయి. అమెరికాలో మెడికల్ కాలేజీకి అప్లై చేసేటప్పుడు హైస్కూల్‌లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సులు కూడా ఒక్కటీ వదలకుండా చూపించాలి. పదిహేనేళ్లకే ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ తెచ్చుకుంటే అది ఇరవై రెండేళ్లప్పుడు ఎదురొస్తుంది. పక్కింటి పిల్లాడు తీసుకున్నాడని తోసెయ్యకండి, ఇంగ్లీష్, హిస్టరీతో మొదలుపెట్టించండి.

రెండోది కాలేజీ బోర్డు అనే సంస్థ పెట్టే ఏపీ పరీక్షలు. పరీక్ష ఎవరైనా రాయవచ్చు, కోర్సు తీసుకునే ఉండాలని లేదు. కానీ చోటు దొరకాలి. మే నెల పరీక్షకి నవంబర్ మధ్యలోపే ఆర్డర్ అయిపోవాలి కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్‌లోనే చుట్టుపక్కల స్కూళ్లకి ఫోన్ చేసి బయటి పిల్లల్ని రాయనిస్తారా అని అడగాలి. కొందరు వద్దంటారు, బాధపడకుండా ఇంకో స్కూల్‌కి చెయ్యండి. ఇంకో చిన్న నియమం, ట్రాన్‌స్క్రిప్ట్‌లో కోర్సు పేరు ముందు ఏపీ అని వెయ్యాలంటే సిలబస్‌ని కాలేజీ బోర్డు ఆమోదించి ఉండాలి, హోమ్‌స్కూల్ తల్లిదండ్రులు కూడా పంపవచ్చు. అదంతా వద్దనుకుంటే ఆనర్స్ అని వేసి, స్కోరు పక్కన చూపించండి.

శాట్ రిజిస్ట్రేషన్‌లో స్కూల్ కోడ్ అడిగితే హోమ్‌స్కూల్‌కి 970000. పీశాట్ (శాట్‌కి ముందు రాసే పరీక్ష) మాత్రం ఇంట్లోంచి రిజిస్టర్ చేసుకునేది కాదు, ఏదో ఒక స్కూల్ ఒప్పుకోవాలి, నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ పోటీలో ఉండాలంటే పదకొండో తరగతి అక్టోబర్‌లో రాయాలి. పరీక్షలు ఐచ్ఛికం అని కాలేజీలు అన్న రోజుల మాటలు విని శాట్ వదిలెయ్యకండి. ఎంఐటీ 2022లోనే మళ్లీ తప్పనిసరి చేసింది, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ 2024లో ప్రకటించింది. కాలిఫోర్నియా యూనివర్సిటీలు అడ్మిషన్‌కి అసలు చూడవు, వాటికి 'ఏ నుంచి జీ వరకు' అనే తప్పనిసరి సబ్జెక్టుల లెక్క వేరే ఉంది, అక్కడికి వెయ్యాలనుకుంటే అది విడిగా చదువుకోండి. కానీ ఇంట్లో చదివిన పిల్లాడికి ఒక మంచి శాట్ స్కోరు చేసే మేలు స్కూల్ పిల్లాడికి చేసేదానికంటే ఎక్కువ.

మూడోది రికమెండేషన్ ఉత్తరాలు. ఒకరు లెక్కలో సైన్సో చెప్పినవారు, ఒకరు ఇంగ్లీషో హిస్టరీయో చెప్పినవారు, ఇద్దరూ బంధువులు కాకూడదు. కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్, ఆన్‌లైన్ లైవ్ క్లాస్ టీచర్, సైన్స్ ఫెయిర్ మెంటర్, ఎవరైనా సరే. పది, పదకొండు తరగతుల్లో ఇలాంటి క్లాసులు కనీసం రెండు పెట్టుకోవడం ఇందుకోసమే. డాన్స్ గురువుగారి ఉత్తరం అదనంగా పంపవచ్చు, అయితే టీచర్ ఉత్తరం బదులు కాదు.

యాక్టివిటీస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కామన్ యాప్‌లో పదే ఉంటాయి, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, అవార్డులు అయిదు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు కాబట్టి ఆ రెండు అంకెలు రాసుకుంటూ ఉండండి. టెన్నిస్‌లోనో ఈతలోనో కాలేజీ స్థాయిలో ఆడే పిల్లలుంటే ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) వాళ్లకి వేరే కాగితాలు కావాలి, ప్రతి కోర్ కోర్సుకి వర్క్‌షీట్ నింపాలి, మొత్తం 16 కోర్ కోర్సులు. ఆ ఉద్దేశం ఉంటే తొమ్మిదిలోనే వాళ్ల ఫారం చూసి దాని ప్రకారమే ఫైల్ పెట్టుకోండి.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లలైతే ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయానికి అర్హత ఉండదు, గ్రీన్‌కార్డ్ ఉంటే ఉంటుంది, హోమ్‌స్కూల్ అన్నది దానికి అడ్డం కాదు. ఇన్-స్టేట్ ఫీజుకి (రాష్ట్రవాసులకి ఉండే తక్కువ ఫీజుకి) టెక్సాస్‌లో ఉంటున్నట్టు రుజువులు కావాలి. స్కూల్ పిల్లలకి స్కూల్ రికార్డే ఒక రుజువు, మనకి అది ఉండదు కాబట్టి ఇంటి లీజు, పన్ను కాగితాలు, డాక్టర్ రికార్డులు, కమ్యూనిటీ కాలేజీ రికార్డు ఏడాదివారీగా దాచండి. వీసా కాపీలు, ఐ-94, ఐ-797 లాంటి ఇమిగ్రేషన్ కాగితాలు కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. టీకాల కార్డు కూడా, టెక్సాస్ కాలేజీల్లో చేరే 22 ఏళ్ల లోపు పిల్లలకి మెనింజైటిస్ టీకా రుజువు అడుగుతారు.

ఇక మీవారి ప్రశ్న, ఇండియాలో మెడిసిన్. ఇక్కడ నేను తియ్యగా చెప్పను. అమెరికాలో కాలేజీలు ఫైల్ చదివి నిర్ణయిస్తాయి, ఇండియాలో బోర్డు సర్టిఫికెట్ చూసి నిర్ణయిస్తారు. అక్కడ హోమ్‌స్కూల్ చేసే కుటుంబాలు కూడా చివరికి పిల్లల్ని ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్‌లోనో, తెలంగాణ, ఆంధ్ర ఓపెన్ స్కూల్ సొసైటీల్లోనో చేర్పించి పరీక్ష రాయిస్తాయి, ఇంట్లో ఏం చదివారన్నది ఎవరూ అడగరు. ఎంబీబీఎస్‌కి నీట్ రాయాలి, పన్నెండో తరగతి స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ ఉండాలి, విదేశంలో చదివినవాళ్లని ఏఐయూ (భారత యూనివర్సిటీల సంఘం) ఇచ్చే ఈక్వివలెన్స్, అంటే అక్కడి చదువు ఇక్కడి పన్నెండుకి సమానమనే, సర్టిఫికెట్ అడుగుతారు. అమ్మ సంతకం చేసిన డిప్లొమా పట్టుకుని ఆ సర్టిఫికెట్‌కి వెళ్లే సాహసం నేనైతే చెయ్యను. ఆ ఆలోచన నిజంగా ఉంటే పదో తరగతి మొదలయ్యేలోపే గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ హైస్కూల్‌లో చేర్పించండి, ట్రాన్‌స్క్రిప్ట్, డిప్లొమా వాళ్లే ఇస్తారు. చేర్చేముందు ఆ స్కూల్‌కి ఉన్న గుర్తింపు ఏఐయూకి సరిపోతుందా అని వాళ్లకే ఈమెయిల్ పెట్టి, జవాబు రాతలో తెప్పించుకోండి. ఊరికే ఇంట్లో పెద్దల మాట కోసం అన్న ఆలోచనైతే, దానికోసం ఏటా వేల డాలర్ల ఫీజు కట్టకండి. మీరిద్దరూ ఈ వేసవిలోనే కూర్చుని ఇది తేల్చుకోండి, పదకొండులో తేల్చుకుంటే సైన్స్ కోర్సులన్నీ మళ్లీ చేయించాల్సి వస్తుంది.

బాబు లెక్కల్లో ఎక్కడున్నాడో, ఎనిమిదిలో ఆల్జీబ్రా క్రెడిట్ వచ్చిందో లేదో రాయండి. దాన్నిబట్టి పదో తరగతికి ఏ కోర్సులు ఇంట్లో, ఏవి బయట అన్నది చెప్తాను.